తాతగారి థర్డ్ ఫారం, పాప కొత్త పుస్తకం: చదువుల చరిత్రపై పాఠకుల ప్రశ్నలు

మన చదువుల ఏర్పాటు ఇప్పుడున్న రూపానికి ఎలా వచ్చిందని అడుగుతూ వచ్చిన ఉత్తరాల్లో ఏడింటికి ఈసారి జవాబులిస్తున్నాం. ఒకేలా ఉన్న ప్రశ్నలను కలిపేశాం.

ప్రశ్న: బీరువా సర్దుతుంటే పాత కాగితాలు దొరికాయి. తాతగారిది ‘థర్డ్ ఫారం, 1938’, పెదనాన్నగారిది ‘ఎస్.ఎస్.ఎల్.సి., 1949’, మేనత్తది ‘ఇ.ఎస్.ఎల్.సి.’ ఇవి ఇప్పటి లెక్కలో ఏ తరగతులు? (తెనాలి)

జవాబు: ఫారం అంకెకు అయిదు కలపండి, తరగతి వచ్చేస్తుంది. అయిదో తరగతి దాకా ప్రాథమిక బడి, ఆ తర్వాత హైస్కూల్లో ఫస్ట్ ఫారం. కాబట్టి తాతగారి థర్డ్ ఫారం అంటే ఎనిమిదో తరగతి. సిక్స్త్ ఫారం పదకొండోది. దాని చివర రాసేదే ఎస్.ఎస్.ఎల్.సి. (సెకండరీ స్కూల్ లీవింగ్ సర్టిఫికెట్). అంటే మీ పెదనాన్నగారు చదివింది పది కాదు, పదకొండు. చాలామంది ఇక్కడే పొరబడతారు. తర్వాతి కాలపు ఎస్.ఎస్.సి.లో ‘ఎల్’తో పాటు ఒక ఏడాది కూడా పోయింది.

పోయిన ఏడాది ఎటు వెళ్లిందో చూస్తే మన చదువులు ఎలా మారుతూ వచ్చాయో కొంత అర్థమవుతుంది. పాత పద్ధతిలో పదకొండేళ్ల బడి, రెండేళ్ల ఇంటర్మీడియట్, రెండేళ్ల బి.ఏ. 1950లలో ఆ ఇంటర్మీడియట్‌ను తీసేసి ఏడాది పి.యు.సి. (ప్రీ-యూనివర్సిటీ కోర్సు), మూడేళ్ల డిగ్రీ పెట్టారు. 1969-70లో పి.యు.సి. కూడా పోయి పదేళ్ల బడి, రెండేళ్ల ఇంటర్, మూడేళ్ల డిగ్రీ వచ్చాయి. మూడింటినీ కూడి చూడండి. ప్రతిసారీ పదిహేనే. ఇంట్లో అడ్డగోడలు జరిపారు తప్ప ఇల్లు పెరగలేదు. దేశమంతటా 10+2+3 ఉండాలని గట్టిగా చెప్పింది 1964-66 నాటి కొఠారి కమిషన్. పదహారో ఏడాదికి, అదీ ఐచ్ఛికంగా, చోటిచ్చింది 2020 జాతీయ విద్యావిధానంలోని నాలుగేళ్ల డిగ్రీ.

ఇక మేనత్తగారి ఇ.ఎస్.ఎల్.సి. అది ఎలిమెంటరీ స్కూల్ లీవింగ్ సర్టిఫికెట్, హయ్యర్ ఎలిమెంటరీ బడిలో ఎనిమిదో తరగతి చివర ఇచ్చేది. ఏళ్ల లెక్కన థర్డ్ ఫారంతో సమానమే, విలువలో కాదు. హైస్కూలు ఫారంలో ఇంగ్లీషు గట్టిగా చెప్పేవారు, అటునుంచి కాలేజీకి దారి ఉండేది. ఎలిమెంటరీ దారి దాదాపు అక్కడితో ఆగిపోయేది. చాలామంది ఆడపిల్లలు అక్కడినుంచి టీచరు ట్రైనింగుకు వెళ్లేవారు. ఇ.ఎస్.ఎల్.సి. మీద చేసే ట్రైనింగు ‘హయ్యర్ గ్రేడ్’, ఎస్.ఎస్.ఎల్.సి. మీద చేసేది ‘సెకండరీ గ్రేడ్’. ఈనాటి ఎస్.జి.టి. (సెకండరీ గ్రేడ్ టీచర్) పోస్టు పేరులో మిగిలింది ఆ సెకండరీ గ్రేడే. ప్రాథమిక బడిలో చెప్పే టీచరును సెకండరీ అనడమేమిటని కొత్తవాళ్లు అడుగుతుంటారు. ఆ మాట చెప్పే తరగతిని బట్టి రాలేదు, టీచరు చదివిన చదువును బట్టి వచ్చింది.

అడగకపోయినా ఒక మాట. ఆ కాగితాలను లామినేషన్ చేయించకండి. వేడికి అతుక్కున్న ప్లాస్టిక్ మళ్లీ ఊడదు, లోపల కాగితం పసుపెక్కుతూనే ఉంటుంది. స్కాన్ తీయించి, అసలు కాగితాన్ని మడత విప్పి విడిగా కవరులో పెట్టండి.

ప్రశ్న: బ్రిటిషువాళ్లు రాకముందు ఊరూరా బడులుండేవని ఒకరంటారు. ఎవరికీ అక్షరమ్ముక్క రాదని ఇంకొకరంటారు. ఏది నిజం? (అనంతపురం)

జవాబు: దీనికి అంకెలున్నాయి, అదీ మీ ప్రాంతంవే. మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822 జూన్‌లో కలెక్టర్లందరినీ బడుల లెక్క పంపమన్నాడు. లెక్కలన్నీ చేరాక 1826 మార్చి 10న సారాంశం రాశాడు. మద్రాసు రాజధాని (ప్రెసిడెన్సీ) మొత్తం మీద సుమారు 1 కోటి 28 లక్షల జనాభాకు 12,498 బడులు, 1,88,650 మంది విద్యార్థులు. అంటే వెయ్యి మందికి ఒక బడి.

ఇది ఎక్కువా, తక్కువా? మన్రో ఇలా లెక్క కట్టాడు. అయిదు నుంచి పదేళ్ల మధ్య వయసు పిల్లలు జనాభాలో తొమ్మిదో వంతు, అందులో సగం మగపిల్లలు. బడికి వెళ్లే మగపిల్లలు 1,84,110 మంది కనుక, ఆ వయసువాళ్లలో నాలుగో వంతుకు కాస్త పైన. ఇళ్లలో చదువుకునేవాళ్లను కూడా కలిపితే మూడో వంతు దాకా ఉండవచ్చని ఊహించాడు. ఇంట్లో చదువు లెక్క నమ్మకంగా అందింది మద్రాసు నగరం నుంచే కాబట్టి, ఆ మూడో వంతు అంచనాయే. ఇక ఆడపిల్లల సంగతికొస్తే, 1,88,650లోంచి 1,84,110 తీసేయండి. మిగిలేది నాలుగున్నర వేలు, రాజధాని మొత్తానికి!

మీ అనంతపురం అప్పట్లో బళ్లారి జిల్లాలోది. అక్కడి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్, తెలుగు వ్యాకరణం రాసిన మనిషి. 1823 ఆగస్టు 17న ఆయన పంపిన నివేదిక అన్నింటిలోకీ వివరమైనది. జిల్లాలో 533 బడులు. అందులో 235 కన్నడం, 226 తెలుగు, మరాఠీ, సంస్కృతం 23 చొప్పున, పారశీకం 21, తమిళం 4, ఇంగ్లీషు ఒకటి. పిల్లలు 6,641 మంది. వారిలో ఆడపిల్లలు 60. బడికి సగటున పన్నెండు మంది.

బడి పొద్దున ఆరింటికే. మొదట వచ్చిన పిల్లవాడి అరచేతిలో ‘సరస్వతి’ అని రాసేవారు. రెండోవాడి చేతిలో సున్న, అంటే మెప్పూ లేదు, తిట్టూ లేదు. మూడోవాడికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఆపైన ఒక్కొక్కటి పెరుగుతుంది. సగటు బడిలో చివరివాడికి పది పడ్డట్టే. అక్షరాలు మొదట ఇసుకలో వేలితో దిద్దేవారు. తర్వాత పలక, కడితం. కడితమంటే గుడ్డకు గంజి పట్టించి, పుస్తకంలా మడతలు వేసి, బొగ్గు కలిపిన నల్లని పూత పూసింది. బలపంతో రాసి తడిగుడ్డతో తుడిచేస్తే మళ్లీ వాడుకోవచ్చు. పై తరగతుల పిల్లలు కింది తరగతుల వాళ్లతో దిద్దించేవారు, పంతులు పెద్దవాళ్లను చూసేవాడు. ఈ పద్ధతినే ఆండ్రూ బెల్ అనే పాదరీ మద్రాసులో చూసి, అక్కడి అనాథ బాలుర ఆశ్రమంలో అమలుచేసి, 1797లో ఇంగ్లండులో ప్రచురించాడు. అక్కడ అది ‘మద్రాసు పద్ధతి’ పేరుతోనే పాకింది.

లోపాలు కూడా క్యాంప్‌బెల్ దాచలేదు. పిల్లలు పద్యాలు గడగడ అప్పజెబుతారు, అర్థం తెలియదు. ఒక్కో బడిలో ఒక్కో పాఠం, అచ్చు పుస్తకం లేదు. పంతులుకు పిల్లలిచ్చే నెల జీతమే ఆధారం. మన్రో లెక్కలో ఒక్కొక్కరు నాలుగు నుంచి ఎనిమిది అణాలు, అన్నీ కలిపి నెలకు ఆరేడు రూపాయలు దాటవు. తల్లిదండ్రుల చేతిలో డబ్బు ఆడకపోతే బడి మూతపడినట్టే. సీమ గుడ్డ దిగుమతితో నేతపనివాళ్ల బతుకు దెబ్బతిన్నదని, అందుకే బడులు చితికిపోతున్నాయని ఆ కలెక్టరే కుంపిణీ సర్కారుకు రాసిపెట్టాడు.

ప్రతి తాలూకాకు ఒక తహసీల్దారీ బడి పెట్టి పంతులుకు నెలకు 9 రూపాయలు, కలెక్టరేటు బడి పంతులుకు 15 రూపాయలు ఇద్దామని మన్రో ప్రతిపాదించాడు. 1827లో పత్తికొండ దగ్గర కలరాతో పోయాడు. ఆ బడులు 1830లలోనే మూతపడ్డాయి.

కాబట్టి మీరు విన్న రెండు మాటలూ సగం సగం నిజాలు. బడులుండేవి, కానీ అందరివీ కావు.

ప్రశ్న: ‘మనల్ని గుమాస్తాలను చేసింది మెకాలే’ అని సభల్లో వింటుంటాం. ఒక్క మనిషి రాసిన కాగితంతో అంత మారిపోతుందా? (ఖమ్మం)

జవాబు: గవర్నర్ జనరల్ మండలి సభ్యుడైన మెకాలేకు దక్కాల్సిన దానికన్నా ఎక్కువ పేరు, ఎక్కువ తిట్లు దక్కాయి. 1813 చార్టర్ చట్టం చదువుకోసం ఏడాదికి లక్ష రూపాయలు పక్కన పెట్టింది. ఆ లక్షను సంస్కృత, అరబ్బీ చదువులకు పెట్టాలా, ఇంగ్లీషు చదువుకా అన్న తగాదాలో 1835 ఫిబ్రవరి 2న ఆయన ఇంగ్లీషు పక్షాన రాశాడు. మార్చి 7న గవర్నర్ జనరల్ బెంటింక్ దానికి ఒప్పుకున్నాడు. పై చదువు ఏ భాషలో అన్నది అలా తేలింది. ఊరి బడి ఊసు అందులో లేదు.

ఈనాటికీ మనం చూస్తున్న చట్రాన్ని వేసింది 1854 జూలై 19 నాటి వుడ్ తాఖీదు, అంటే కుంపిణీ వ్యవహారాలు చూసే లండన్ బోర్డు అధ్యక్షుడు చార్లెస్ వుడ్ పేరున వచ్చిన ఉత్తర్వు. మొత్తం నూరు పేరాలు. ప్రతి రాజధానిలో విద్యాశాఖ, దానికొక డైరెక్టరు, తనిఖీకి ఇన్‌స్పెక్టర్లు, ప్రైవేటు బడులకు గ్రాంటు, పైన విశ్వవిద్యాలయం. డి.ఇ.ఓ. ఆఫీసు, ఎయిడెడ్ స్కూలు, అఫిలియేషన్, వీటన్నిటికీ మూలం అక్కడుంది. 1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు విశ్వవిద్యాలయాలు వచ్చాయి. లండన్ విశ్వవిద్యాలయం నమూనాలో వాటి పని పరీక్ష పెట్టి పట్టా ఇవ్వడమే, పాఠం చెప్పేది కాలేజీలు. 1904 చట్టం వచ్చేదాకా బోధన వాటి పనుల్లో లేదు. చెప్పేవాడు ఒకడు, ప్రశ్నపత్రం రాసేవాడు ఇంకొకడు అయ్యాక, చెప్పేవాడు ప్రశ్నపత్రాన్ని చూసే చెబుతాడు. మెట్రిక్యులేషన్‌లో ఏముంటే హైస్కూల్లో అదే చెప్పారు. మన పరీక్షల పిచ్చికి మెకాలే కంటే ఈ ఏర్పాటే ఎక్కువ కారణమని మా అభిప్రాయం.

గ్రాంటులోనూ ఒక తిరకాసు ఉండేది. ఇంగ్లండులో 1862లో మొదలైన ‘ఫలితాన్ని బట్టి గ్రాంటు’ పద్ధతిని మద్రాసు కూడా ఆ దశకంలోనే తెచ్చుకుంది. ఇన్‌స్పెక్టరు ఏడాదికోసారి వచ్చి ప్రతి పిల్లవాడిచేత చదివించి, రాయించి, లెక్క చేయిస్తాడు. పాసైన తలకు, తరగతిని బట్టి, ఇంత అని డబ్బు. ఇలాంటి చోట ఏమవుతుందో టీచర్లకు చెప్పక్కర్లేదు. రాని పిల్లవాడి మీద శ్రమ దండగ, తనిఖీ రోజున వాడు రాకపోతేనే మేలు. వాచకాన్ని మొదటినుంచి చివరిదాకా బట్టీ పట్టిస్తే పుస్తకం తలకిందులుగా పట్టుకున్నా చదివేస్తాడు. ఆ పద్ధతిని ఇరవయ్యో శతాబ్దం మొదట్లో వదిలేశారు. పాస్ శాతం చూసి బడికి మార్కులు వేసే అలవాటు మాత్రం పోలేదు.

ఇంతకీ మీ ఖమ్మం నిజాం రాజ్యంలోది. అక్కడ కథ వేరు. 1918లో ఏర్పడ్డ ఉస్మానియాలో బోధన ఉర్దూలో. వైద్యం, ఇంజనీరింగు కూడా ఉర్దూలోనే చెప్పాలని ముందుగానే అనువాద విభాగం పెట్టి, పారిభాషిక పదాలు తయారుచేయించి, పాఠ్యపుస్తకాలు రాయించారు. దేశభాషలో పై చదువు కుదరదన్న వాదానికి అది గట్టి జవాబు. కానీ ఖమ్మం పిల్లవాడికి ఉర్దూ కూడా ఇంటి భాష కాదు. 1948 తర్వాత అక్కడా ఇంగ్లీషే వచ్చింది. కాలేజీ పుస్తకాలను తెలుగులో తెచ్చేందుకు తెలుగు అకాడమీ పుట్టింది 1968లో.

ప్రశ్న: పోటీ పరీక్షలకు చదువుతున్నాను. 1981లో దేశ అక్షరాస్యత ఒక పుస్తకంలో 41.42 శాతం, ఇంకొకదానిలో 43.57 శాతం. ఏది రాయాలి? (విజయవాడ)

జవాబు: రెండూ సరైనవే, కిందనున్న భాజకం వేరు. అయిదేళ్లు పైబడినవాళ్లను లెక్కలోకి తీసుకుంటే 41.42. ఏడేళ్లు పైబడినవాళ్లనే తీసుకుంటే 43.57. చిన్నపిల్లలను తీసేయగానే, ఒక్కరికి కూడా కొత్తగా చదువు రాకుండానే, శాతం రెండు పాయింట్లు పెరిగింది. 1991 నుంచి ఏడేళ్ల లెక్కే ఖాయమైంది. కాబట్టి వరస ఇలా గుర్తుంచుకోండి: 1951లో 18.33, 1961లో 28.30, 1971లో 34.45 (ఈ మూడూ అయిదేళ్ల లెక్క), 1981లో 43.57, 1991లో 52.21, 2001లో 64.84, 2011లో తాత్కాలిక లెక్కన 74.04, తుది లెక్కన సుమారు 73 (ఇవి ఏడేళ్ల లెక్క). ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు చివరి మూడు జనగణనల్లో 44.09, 60.47, 67.02. ప్రశ్నలో వయసు చెప్పకపోతే 43.57 రాయండి.

శాతం పెరుగుతూనే ఉన్నా చదువురానివాళ్ల సంఖ్య 1991 దాకా పెరుగుతూనే వచ్చింది. కొత్తగా చదువు నేర్చినవాళ్లకంటే పెరిగిన జనం ఎక్కువ కావడమే కారణం. ఒక దశకంలో ఆ సంఖ్య తగ్గడం మొదటిసారి 1991-2001లోనే జరిగింది. మన దగ్గర ఆ పదేళ్లలో పదహారు పాయింట్లకు పైగా పెరుగుదల కనిపిస్తుంది. 1988లో జాతీయ అక్షరాస్యతా మిషన్ వచ్చాక నెల్లూరు జిల్లాలో నడిచిన రాత్రి తరగతులు అందరికీ తెలిసినవే. దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మీదికి వెళ్లిన కథ వాచకంలో పాఠమై ఊరూరా తిరిగింది. అక్షరాల కోసం పెట్టిన తరగతి సారా వ్యతిరేక ఉద్యమానికి ఊపిరైంది.

ఒక జాగ్రత్త: జనగణనలో అక్షరాస్యులంటే ఏదో ఒక భాషలో అర్థం చేసుకుంటూ చదవగలిగి, రాయగలిగినవాళ్లు. ఇంటికి వచ్చిన ఎన్యూమరేటరు పరీక్ష పెట్టడు, చెప్పింది రాసుకుంటాడు. బడిలో చదివి ఉండాలన్న నియమం కూడా లేదు.

ప్రశ్న: బెంగళూరులో 11, 12 తరగతులను పి.యు.సి. అంటారు. మన దగ్గర ఇంటర్, సి.బి.ఎస్.ఇ.లో ప్లస్ టూ. ఒకే చదువుకు ఇన్ని పేర్లెందుకు? (బెంగళూరు)

జవాబు: పదో తరగతి తర్వాతి రెండేళ్లు ఎవరివి అన్న పేచీలోంచి వచ్చిన పేర్లివి. పి.యు.సి. విశ్వవిద్యాలయం చేతిలో ఉండేది, కాలేజీలో చెప్పేవారు. 10+2 ప్రకారం ఆ రెండేళ్లు బడికి రావాలి. తమిళనాడు 1978లో అలాగే బడుల్లో పెట్టింది, అందుకే అక్కడ ‘హయ్యర్ సెకండరీ స్కూల్’. కర్ణాటక ఏడాది పి.యు.సి.ని రెండేళ్లకు సాగదీసి పేరు అలాగే ఉంచింది. కేరళలో ‘ప్రీ-డిగ్రీ’ పేరుతో 2000 ప్రాంతం దాకా కాలేజీల్లోనే సాగింది. మన దగ్గర విశ్వవిద్యాలయం నుంచి తీశారు గానీ బడికి ఇవ్వలేదు. మధ్యలో జూనియర్ కాలేజీ అని ఒకటి కట్టి, 1971లో విడిగా ఇంటర్మీడియట్ బోర్డు పెట్టారు.

దానివల్ల మనకు మిగిలింది రెండు శాఖలు, రెండు రకాల ఉపాధ్యాయులు. బడిలో బి.ఇడి. చేసిన స్కూల్ అసిస్టెంటు, అవతల పి.జి. చేసిన జూనియర్ లెక్చరరు. హైస్కూలు ఊళ్లోనో మండలంలోనో ఉంటుంది, కాలేజీ పట్టణంలో ఉంటుంది. పదో తరగతి పాసైన ఆడపిల్ల చదువు ఆగిపోయేది ఈ బస్సు దూరంలోనే. ఆ ఖాళీలోకి ప్రైవేటు కాలేజీ హాస్టలుతో సహా వచ్చింది. 1986లో ఎంసెట్ మొదలయ్యాక దానికి సరుకు కూడా దొరికింది. ఇతర రాష్ట్రాల్లో కోచింగు బడి బయట ఉంటే, మన దగ్గర కాలేజీయే కోచింగు సెంటరైంది. ఆంధ్రప్రదేశ్‌లో ‘హైస్కూల్ ప్లస్’ పేరుతో కొన్ని ఉన్నత పాఠశాలల్లోనే ఇంటర్ పెట్టింది 2022లో.

ప్రశ్న: జాతీయ విద్యావిధానం 2020లో వచ్చిందన్నారు. సి.బి.ఎస్.ఇ.లో చదివే మా పాపకు పుస్తకాలు మారాయి, రాష్ట్ర సిలబస్‌లో ఉన్న మా అన్నయ్య కొడుక్కి మారలేదు. ఎందుకని? (కరీంనగర్)

జవాబు: విధానం అంటే చట్టం కాదు. విద్య మొదట రాష్ట్రాల జాబితాలో ఉండేది. 42వ సవరణతో (1976) ఉమ్మడి జాబితాలోకి వచ్చింది. కేంద్రం దారి చూపవచ్చు. రాష్ట్ర బోర్డు సిలబస్‌ను మార్చేది రాష్ట్రమే.

పైగా కాగితం తరగతి గదికి చేరే దారి పొడవైనది. 2020 జూలై 29న విధానం వచ్చింది. దాన్నిబట్టి పాఠ్యప్రణాళిక చట్రం రాయాలి. పునాది దశది (రెండో తరగతి దాకా) 2022 అక్టోబరులో, బడి మొత్తానికి 2023 ఆగస్టులో వచ్చింది. ఆ తర్వాత పుస్తకాలు. సి.బి.ఎస్.ఇ. బడులు వాడే పుస్తకాలు తయారుచేసే ఎన్.సి.ఇ.ఆర్.టి. 1, 2 తరగతులవి 2023లో, 3, 6 తరగతులవి 2024లో, 4, 5, 7, 8 తరగతులవి 2025లో ఇచ్చింది. అన్ని తరగతులూ ఒకేసారి ఎందుకు మార్చరంటే, ఆరో తరగతి పాత పుస్తకంతో చదివిన పిల్లను కొత్త ఏడో తరగతిలో కూర్చోబెడితే మధ్యలో మెట్టు ఉండదు. 2024లో ఆరో తరగతికి నెల రోజుల బ్రిడ్జి కోర్సు పెట్టింది అందుకే. మీ పాపకు అలాంటిది ఇవ్వకపోతే, గణితంలో భిన్నాలు, భాషలో సొంతంగా రాయడం, ఈ రెండూ ఇంట్లో చూసుకోండి. పాత పుస్తకానికీ కొత్తదానికీ పొంతన కుదరనప్పుడు మొదట బయటపడేవి ఇవే.

ఉమ్మడి రాష్ట్రం 2012 నుంచి పుస్తకాలు మార్చినప్పుడు కూడా విడతలుగానే వెళ్లింది. పదో తరగతి వంతు 2014-15లో వచ్చింది. అప్పటికి రాష్ట్రమే రెండైంది. కొత్త పుస్తకం సొంతంగా ఆలోచించి రాయమంది. పరీక్ష కూడా మారింది, 80 మార్కులు రాతకు, 20 అంతర్గతానికి. ప్రాజెక్టులూ సొంత జవాబులూ గైడ్ల రూపంలో మార్కెట్లోకి రావడానికి ఎక్కువ కాలం పట్టలేదు. అంతర్గత మార్కులు దాదాపు అందరికీ ఇరవైకి ఇరవై పడ్డాయి. పుస్తకం మార్చడానికి మూడేళ్లు చాలు. టీచరు చెప్పే తీరు మారాలంటే శిక్షణ కావాలి. చివరి పరీక్ష ఏమడుగుతుందన్న నమ్మకం మారడానికి ఇంకా ఎక్కువ పడుతుంది. మీ పాప బడిలో నిజంగా ఏమైనా మారిందా అని చూడాలంటే పుస్తకం అట్ట చూడకండి, అర్ధసంవత్సరం ప్రశ్నపత్రం తీసి చూడండి.

ప్రశ్న: మా ఊరి ప్రాథమిక బడిలో 19 మంది పిల్లలు, అయిదు తరగతులు, ఒకే టీచరు. పిల్లలు తక్కువ కదా, ఇంతేనంటున్నారు. ఎవరిని ఏమని అడగాలి? (శ్రీకాకుళం జిల్లా)

జవాబు: ‘ఇంతే’ అనడం తప్పు. 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం షెడ్యూలులో 1 నుంచి 5 తరగతులకు లెక్క ఇది: 60 మంది దాకా ఇద్దరు టీచర్లు, 61-90కి ముగ్గురు, 91-120కి నలుగురు, 121-200కి అయిదుగురు. అరవై దాకా ఇద్దరంటే 19కీ ఇద్దరే.

ఎందుకిద్దరో గడియారం పెట్టి చూడండి. అదే షెడ్యూలు ఏడాదికి 200 పని దినాలు, 800 గంటల బోధన అంటుంది. రోజుకు నాలుగు గంటలు. ఒకే టీచరు ఆ 240 నిమిషాలను అయిదు తరగతులకు పంచితే తరగతికి 48 నిమిషాలు, అందులోనే తెలుగు, ఇంగ్లీషు, లెక్కలు, పరిసరాల విజ్ఞానం. ఆచరణలో ఏ టీచరూ అలా పంచరు. 1, 2 తరగతులను ఒక గుంపు, 3 నుంచి 5 ఇంకో గుంపు చేస్తారు. ఒక గుంపుకు చెబుతుంటే రెండోది చూచిరాత రాస్తుంది. ఆన్‌లైన్ నమోదులు, మధ్యాహ్న భోజనం లెక్కలు, మండలంలో మీటింగు వచ్చి పడితే ఆ చూచిరాతే ఆ రోజు చదువు. టీచరు సెలవు పెడితే బడికి తాళమే. ఒంటి టీచరు బడులు ఉండకూడదని 1987లో ‘ఆపరేషన్ బ్లాక్‌బోర్డ్’ కింద ప్రతి బడికీ కనీసం ఇద్దరు టీచర్లు, రెండు గదులు, బోధన సామగ్రి అన్నారు. అప్పటి కొరత గదులు లేక, టీచర్లు లేక. ఇప్పటిది పిల్లలు తగ్గి పోస్టు తరలిపోవడం వల్ల వస్తున్నది. చట్టంలోని అంకె మాత్రం మారలేదు.

మొదట బడి యూ-డైస్ (ప్రభుత్వం ఏటా సేకరించే బడుల వివరాల లెక్క) నమోదు చూడండి. పోస్టుల సర్దుబాటు ఆ సంఖ్య మీదే నడుస్తుంది. 19 మంది ఉండి అందులో 14 ఎక్కితే మీ అర్జీ అక్కడే వీగిపోతుంది. తర్వాత పాఠశాల యాజమాన్య కమిటీని సమావేశపరచమనండి. చట్టం ప్రకారం అందులో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, సభ్యుల్లో సగం మంది మహిళలు. రెండో టీచరు కావాలని తీర్మానం రాయించి, సంతకాలు పెట్టించి, నకలు తీసుకోండి. ఆ నకలు జతచేసి 32వ సెక్షను కింద స్థానిక సంస్థకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి, మండల విద్యాశాఖాధికారికి ఒక ప్రతి. మూడు నెలల్లో తేల్చాలని ఆ సెక్షనులోనే ఉంది. తేల్చకపోతే, లేదా మీకు సమ్మతం కాకపోతే, రాష్ట్ర బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కు అప్పీలు.

టీచరు బదులు ‘పిల్లలను పక్కూరి బడిలో కలిపేస్తాం’ అని జవాబు రావచ్చు. అప్పుడు దూరం కొలవండి. నిబంధనల్లో 1-5 తరగతులకు కిలోమీటరు, 6-8కి మూడు కిలోమీటర్లు. మ్యాపులో గీత గీసిన దూరం కాదు, పిల్లలు నడిచే దారి. మధ్యలో గెడ్డ, హైవే, రైలు పట్టాలు ఉంటే అర్జీలో పేరుపెట్టి రాయండి. తరగతి వారీగా పిల్లల సంఖ్య, టీచరు పోస్టు ఖాళీ అయిన తేదీ కూడా వేయండి. మీ ప్రతి మీద ముద్ర, తేదీ వేయించుకోకుండా ఆఫీసు నుంచి రాకండి. ఆ మూడు నెలలు లెక్కపెట్టేది ఆ తేదీ నుంచే.